టెక్సాస్ సంబంధం, న్యూజెర్సీ సంబంధం

ఆ వేసవిలో నాకు రెండు అమెరికా సంబంధాలు ఒకేసారి వచ్చాయి. ఆ అబ్బాయిలిద్దరికీ మా ఇంట్లో పేర్లు లేవు. ఒకతను టెక్సాస్, ఇంకొకతను న్యూజెర్సీ. "టెక్సాస్ ఫోన్ చేసిండా?" అని అమ్మ అడిగేది. "న్యూజెర్సీకి ఒక్కతే చెల్లెనంట, దాని పెండ్లి గూడ అయిపోయిందంట" అని తనే చెప్పేది. ఒకరోజు వంటింట్లోంచి "టెక్సాస్‌కు జర ముంగట ఎంటికలు తక్కువున్నయి గని, మనిషి మంచిగున్నడు" అని వినిపించింది. ఒక రాష్ట్రానికి బట్టతల వచ్చిందని నేను వినడం అదే మొదటిసారి.

టెక్సాస్‌ను తెచ్చింది మా మేనమామ. అమ్మకు అన్న, నల్గొండలో ఉంటాడు. కూతురి కాన్పుకని డాలస్ వెళ్ళి కొన్నాళ్ళుండి వచ్చాడు కాబట్టి ఆ రాష్ట్రాన్ని తన పట్టా భూమిలాగా మాట్లాడతాడు. న్యూజెర్సీని తెచ్చింది ఎల్బీ నగర్‌లో మా ఇంట్లోనే కింది వాటాలో కిరాయికుండే ఆంటీ. వాళ్ళది గుంటూరు వైపు. ఆవిడ చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. ఆ చెల్లెలి పక్క ఫ్లాట్‌లో ఉండే అబ్బాయి మా జిల్లావాడే, మావాళ్ళే అని ఏదో మాటల్లో తెలిసింది. అంతే, ఆవిడ చేతిలో ఉన్న పప్పు గిన్నె మా మెట్ల మీదే పెట్టేసి పైకి వచ్చి చెప్పింది.

ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. ఇద్దరూ చదివిన చదువు ఒకటే. ఇద్దరికీ అమ్మానాన్నలు నెమ్మదస్తులు, కట్నం మాట ఎత్తినవాళ్ళు కారు. జాతకాలు చూసిన పంతులుగారైనా ఒకరిని తప్పించి మా పని తేలిక చేస్తారనుకుంటే, రెండూ బ్రహ్మాండంగా కుదిరాయన్నారు. అబ్బాయిల మధ్య తేడా దొరకకపోయేసరికి మావాళ్ళు రాష్ట్రాల మధ్య వెతకడం మొదలుపెట్టారు.

మా ఇంట్లో ఎవరికీ అమెరికా తెలియదు. తెలిసినదల్లా మెట్రో లైను. అందుకని కొలత కూడా దాంతోనే కొలిచారు. టెక్సాస్ అంటే ఎల్బీ నగర్ దాటాక హయత్‌నగర్ అవతలి జాగా. ఇల్లు పెద్దగా ఉంటుంది, ముందు చెట్టు పెట్టుకోవచ్చు, గాలి ఆడుతుంది, కానీ బండి లేకపోతే పాలపాకెట్ కూడా దొరకదు. న్యూజెర్సీ అంటే దిల్‌సుఖ్‌నగర్. గుమ్మం దిగితే టిఫిన్ సెంటర్, గుడి, బట్టల షాపు, రైలు, అన్నీ కాళ్ళ దగ్గరే. కాకపోతే ఇల్లు అగ్గిపెట్టె, కిరాయి కొండ. ఈ కొలతను అమ్మా ఆంటీ ఇద్దరూ ఒప్పుకున్నారు. ఏది మంచిదన్న దగ్గరే తగాదా.

"మనం ఏండ్లకేండ్లు కిరాయి ఇండ్లల్ల ఇరుకిరుకు ఉండి, గీ ఇల్లు కట్టుకున్నంక కద ఊపిరి పీల్చుకున్నం," అనేది అమ్మ. "మల్ల పిల్లను తీస్కపోయి అగ్గిపెట్టెల పెడదమా?"

"అయ్యో వదినగారూ, ఇల్లెంత పెద్దదైతే ఏం లాభం, పలకరించే మనిషి లేకపోతే?" అనేది ఆంటీ. "మా చెల్లెలికి కారు నడపడం ఇప్పటికీ భయమే. అయినా హాయిగా బతికేస్తోంది. కరివేపాకు కావాలంటే నడిచెళ్ళి తెచ్చుకుంటుంది."

"కరివేపాకు చెట్టే పెట్టుకోవచ్చంట టెక్సాస్‌ల."

ఈ వాదనలన్నీ నేను సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేటప్పుడు వినేదాన్ని. పగలంతా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఉంటాను. బాటనీ చెబుతాను, అదీ లాంగ్ టర్మ్ బ్యాచ్‌కు. అంటే మెడికల్ సీటు ఒకసారి తప్పిపోయి, ఇంకో ఏడాది అదే సిలబస్‌తో కుస్తీ పట్టడానికి కూర్చున్న పిల్లలు. వాళ్ళకు పాఠం కొత్త కాదు. తమ మీద తమకు నమ్మకం పోయి ఉంటుంది, అంతే. మొదటి నెలలో తల వంచుకుని కూర్చున్న పిల్ల దసరా నాటికి చెయ్యెత్తి "మేడం, మీరు చెప్పింది తప్పు" అంటుంది. ఆ రోజు నాకు పండగ. నా పని నాకు చాలా ఇష్టం. జీతం కోసం మొదలుపెట్టాను కానీ, ఇప్పుడది జీతం మాట కాదు.

పెళ్ళయి ఏ రాష్ట్రానికి పోయినా నేను వెళ్ళేది భార్యగా వెళ్ళే వీసా మీద. దాని మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశకు వస్తే అప్పుడు అనుమతి అడగొచ్చు. ఇద్దరికీ ఆ దశ ఇంకా రాలేదు, ఎప్పుడొస్తుందో వాళ్ళూ చెప్పలేరు. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు. టెక్సాస్‌లోనూ అంతే, న్యూజెర్సీలోనూ అంతే. రెండు చోట్లా ఒకటే కాబట్టి అది పోలికలోకి రాలేదు. మంచు వచ్చింది, ఎండ వచ్చింది, గుడి వచ్చింది, ఇంటి పన్ను వచ్చింది, ఆఖరుకు గోంగూర కూడా వచ్చింది. నా పని రాలేదు.

నాకు పెళ్ళంటే విముఖత లేదు, అమెరికా అంటే కోపమూ లేదు. ఎవరైనా ఒక్కసారి అడుగుతారేమోనని చూశాను. అడగకుండా చెప్పడం నాకు నచ్చదు. అదొక పంతం, నాన్న దగ్గర్నుంచి వచ్చింది.

నాన్న పండ్ల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారి. నల్గొండ వైపు నుంచి రైతులు బత్తాయి తెస్తే వేలం పాడి అమ్మిపెడతాడు. నా చిన్నప్పటినుంచి మార్కెట్ అంటే కొత్తపేటలో ఉన్నదే. నాన్న తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని వెళ్ళిపోయేవాడు. మేం లేచేసరికి ఆయన వేసుకున్న పౌడరు వాసన మాత్రం మిగిలేది. తర్వాత మార్కెట్‌ను ఊరి బయటకు, విజయవాడ రోడ్డు మీద బాటసింగారం తరలించారు. పాతది మూసేశాక నాన్నకు కొత్త దగ్గర జాగా కుదిరేలోపు కొన్ని నెలలు పట్టింది. ఆ నెలల్లో ఆయన ఇంట్లో ఉన్నాడు.

లేవడం మాత్రం అదే వేళకు లేచేవాడు. స్నానం చేసేవాడు, తెల్లచొక్కా వేసుకునేవాడు. వేసుకుని ముందు వరండాలో కుర్చీలో కూర్చునేవాడు. ఇంటికి ఏ లోటూ రాలేదు, చేతిలో ఉన్నది సరిపోయేది. చుట్టాలొచ్చి పలకరించేవాళ్ళు. "ఇన్నేండ్లు కష్టపడ్డవు బావా, జర రెస్ట్ తీస్కో," అని మామే అన్నాడు ఒకసారి, మంచి మనసుతోనే. నాన్న చేతిలో ఉన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తర్వాత నేను డ్యూటీకి మెట్రోలో వెళుతూ కిటికీలోంచి చూశాను. కింద మూసి ఉన్న మార్కెట్ గేటు ముందు, ఎవరూ లేని చోట, తెల్లచొక్కాలో నాన్న నిలబడి ఉన్నాడు. రైలు ముందుకు పోయింది. ఆ సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు బాటసింగారం వెళ్ళొస్తున్నాడు. అక్కడ లారీ మలుపుకోవడానికి జాగా ఉందంటాడు. చాయ్ మాత్రం బాగుండదట.

సంబంధాల విషయానికి వస్తే, నాన్న ఏ పక్కా మాట్లాడలేదు. "అమెరికాల బత్తాయి దొరుకుతదా?" అని ఒక్కసారి అడిగాడు. మామ దొరుకుతుందన్నాడు, ఆంటీ కూడా దొరుకుతుందంది. ఆ అంశంలో రాష్ట్రాలు సమానం అయిపోయాయి.

అమ్మ మాత్రం పని లోతుగా చేసింది. ఫోన్లో వాతావరణం చూపించేదాంట్లో హైదరాబాద్ కింద డాలస్, దాని కింద న్యూజెర్సీ అబ్బాయి ఉండే ఎడిసన్ పెట్టించుకుంది. పొద్దున పూజ అయ్యాక మూడూ చదివేది. వేసవి కాబట్టి ఫోన్లో మంచు ఇంకా పందెంలోకి దిగలేదు. ఒకరోజు డాలస్‌లో మనకంటే ఎక్కువ ఎండ కనిపించింది. "గిదేంది, గీ ఎండకు గంత దూరం పోవుడెందుకు, రామగుండం పోతే సాలదా?" అని అమ్మ తన పక్షాన్నే నిలదీసింది. ఆంటీకి ఆ సాయంత్రం పట్టపగ్గాల్లేవు. మర్నాటికి అమ్మ తేరుకుని, ఇంట్లో ఎప్పుడూ చల్లటి మిషనే నడుస్తుందట కదా అని సర్ది చెప్పుకుంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను ఏ అబ్బాయితోనూ ఇంకా మాట్లాడకముందే నా పిల్లలకు ఏ రాష్ట్రంలో బడి మంచిదో కూడా తేలిపోయింది. అందులో న్యూజెర్సీ గెలిచింది.

తర్వాత వీడియో కాల్స్ పెట్టారు. మా వైపు పెళ్ళిచూపులు ఇప్పుడు ముందు ఫోన్లోనే అవుతున్నాయి. అమ్మాయి సోఫాలో కూర్చుంటుంది, ఇంట్లోవాళ్ళు తెరకు కనబడకుండా ఇటుపక్క కుర్చీల్లో కూర్చుంటారు. కనబడరు గానీ దగ్గుతారు. శనివారం పొద్దున న్యూజెర్సీ, ఆదివారం పొద్దున టెక్సాస్.

న్యూజెర్సీ మర్యాదగా మాట్లాడాడు. తనుండే వీధి, స్టేషన్, తెలుగువాళ్ళ గుంపు అన్నీ చెప్పాడు. నేను ఒక్క ప్రశ్న అడుగుదామనుకుని కూర్చున్నాను, అదే అడిగాను. "మీరు ఆఫీసుకు వెళ్ళాక నేను పగలు ఏం చేస్తాను?"

అతను నిజంగానే ఆలోచించాడు. "దగ్గర్లో మంచి లైబ్రరీ ఉందండీ. మా ఫ్రెండ్స్ వైఫ్స్ అందరూ కలిసి వాకింగ్‌కు వెళతారు. మీకు బోర్ కొట్టదు," అన్నాడు. పక్కనుంచి ఆంటీ గర్వంగా దగ్గింది. లైబ్రరీ అన్న మాటకు నాన్న తలాడించడం చూశాను.

మర్నాడు టెక్సాస్ ఫోన్ చేత్తో పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించాడు. గ్యారేజీ, వంటిల్లు, వెనకాల గడ్డి, గడ్డి చివర చెక్క కంచె. మేడ మీద ఒక గది తలుపు తీసి, "ఇది మీకోసం ఖాళీగా ఉంచానండీ," అన్నాడు. పెద్ద కిటికీ, కిటికీలో వాళ్ళ సాయంత్రం ఎండ, గదిలో ఏమీ లేదు. ఎందుకో ఆ గది చూసి నాకు భయమేసింది. అదే ప్రశ్న అడిగాను.

"ఏం చెయ్యక్కర్లేదండీ," అన్నాడు నవ్వుతూ. చాలా మంచి నవ్వు అతనిది. "ఇన్నేళ్ళు కష్టపడ్డారు కదా. హాయిగా రెస్ట్ తీసుకోండి."

పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది. నాన్న లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. అమ్మ ఆయన వెనకే చూసి, మళ్ళీ మొహానికి నవ్వు తెచ్చుకుని ఫోన్ వైపు తిరిగింది.

ఆ సాయంత్రానికి మామ నల్గొండ నుంచి బస్సెక్కి వచ్చేశాడు. రెండువైపులా మాట అడుగుతున్నారు, ఎవరో ఒకరికి ఖాయం చెప్పాలి. ఆంటీ పునుగుల ప్లేటుతో పైకి వచ్చింది. అందరం హాల్లో కూర్చున్నాం. నాన్న కింద చాప మీద బత్తాయిలు ఒలుస్తున్నాడు. మామ టెక్సాస్ జీతం మీద రాష్ట్రం పన్ను లేదన్నాడు. ఆంటీ న్యూజెర్సీ నుంచి ఎటు వెళ్ళాలన్నా దగ్గరంది. అమ్మ ఇల్లు అంది. అన్నీ పాత మాటలే. చివరికి మామ విసిగి, "నువ్వు జెప్పు బావా, ఏ జాగ మంచిదంటవ్?" అని నాన్నను అడిగాడు.

నాన్న చేతిలో ఉన్న తొన గింజలన్నీ తీసి చాప మీద పెట్టాడు.

"రెండు జాగలు మంచిగనే ఉన్నయి. పొద్దుగాల లేశి గీ పిల్ల ఎటు పోతది?"

"ఎటువోవుడేంది బావా! ఇంట్ల ఉంటది, రాణి లెక్క."

"నన్ను గూడ ఉంచితిరి గద ఇంట్ల," అన్నాడు నాన్న, "రాజు లెక్క."

మామ మొహం చూస్తే ఆయనకు తన మాట గుర్తొచ్చిందని తెలిసింది. నాన్న నావైపు తిరిగి, "నీకెట్లుంది బిడ్డా?" అన్నాడు. ఆ వేసవి మొత్తంలో నన్ను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది.

"నాకు క్లాసు కావాలె నాన్న," అన్నాను. ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాను, తీరా నోటికి అవే వచ్చాయి. "నేను పోతే ఆడ పాఠం చెప్పనియ్యరు. అది ఎప్పటిదాంకనో ఎవ్వరికి తెల్వదు. ఆ ఖాళీ గది వద్దు నాకు."

"పెండ్లయినంక అన్నీ అయే సర్దుకుంటయి," అంది అమ్మ. గొంతులో ఏడుపుంది. "గిసొంటి సంబంధాలు మల్ల మల్ల వస్తయా?"

అప్పుడు ఆంటీ మాట్లాడింది, న్యూజెర్సీ పక్షాన కాదు. "మా చెల్లెలు ఎమ్మెస్సీ చేసింది వదినగారూ. వెళ్ళిన కొత్తలో వాళ్ళ మధ్యాహ్నం వేళకి రోజూ నాకు ఫోన్ చేసి ఏడ్చేది. సర్దుకోవే, సర్దుకోవే అని నేనే చెప్పేదాన్ని. సర్దుకుంది లెండి." ఇన్నాళ్ళూ ఆ కబురు ఆవిడ నోట రాలేదు. ఆ తర్వాత పునుగులు చల్లారిపోతున్నాయంటూ అందరి చేతుల్లోనూ పెట్టింది.

మర్నాడు మామే రెండువైపులా ఫోన్ చేసి కాదని చెప్పాడు. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. పూర్తిగా మానలేదు, "అన్నం పెట్టిన", "బాక్స్ అక్కడుంది" లాంటివి గోడకు చెప్పేది. ఆమె కోపం నాకు అన్యాయమనిపించలేదు. నేను దూరదేశంలో చల్లగా, పెద్ద ఇంట్లో ఉండాలని ఆమె కోరుకుంది. ఆ కోరిక నా చేతుల్లోనే పోయింది. అయినా బాధగానే ఉండేది. ఇంట్లో అమ్మ పలకకపోతే ఏ ఊరైనా ఒకటే.

వానలు పోయి, వినాయక చవితి వచ్చి, బాలాపూర్ లడ్డూ వేలం టీవీలో చూసే రోజులు కూడా దాటిపోయాయి. చలి మొదలవుతుండగా ఒకరోజు మామ ఇంకేదో పనికి ఫోన్ చేసి, మాటల్లో మాటగా ఒక కబురు చెప్పాడు. టెక్సాస్‌కు పెళ్ళయింది. పెళ్ళయిన కొన్నాళ్ళకే కంపెనీ అతన్ని వేరే ఆఫీసుకు మార్చింది. ఆ ఇల్లు కిరాయికిచ్చేసి భార్యతో సహా న్యూజెర్సీకి మారిపోయాడు. ఇప్పుడు రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటున్నాడట.

అమ్మ ఫోన్ పెట్టేసింది. "టెక్సాస్ న్యూజెర్సీకి పోయిండంట," అంది, ఈసారి గోడకు కాదు, నాకే. నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది కానీ ఆపుకుంది. "గంత పంచాయితీ చేస్తిమి," అంది. ఆ తర్వాత కింద ఆంటీకి చెప్పడానికి మెట్లు దిగింది. కింద నుంచి ఇద్దరి నవ్వూ వినిపించింది.

మర్నాడు పొద్దున నేను డ్యూటీకి తయారవుతున్నాను. నాన్న ఎప్పుడో బాటసింగారం వెళ్ళిపోయాడు, వరండాలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ పూజ ముగించి ఫోన్ తీసి ఎప్పటిలాగే వాతావరణం చూసింది. డాలస్, ఎడిసన్ ఇంకా అందులోనే ఉన్నాయి, తీసెయ్యడం ఆమెకు తెలియదు. "న్యూజెర్సీల మంచు వడ్తుందంట, ఆ కొత్త పిల్ల ఎట్లుందో ఏమో," అంది. ఆ పిల్లను ఆమె ఫోటోలో కూడా చూసి ఉండదు.

నా బాక్స్ మూత పెట్టి, సంచిలో సర్ది, గుమ్మం దాకా వచ్చింది. నేను చెప్పులేసుకుంటుంటే అడిగింది, "ఇయ్యాల ఏం పాఠం చెప్తవ్?"

ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. తిన్నావా, ఎప్పుడొస్తావ్, జీతం పడిందా అని తప్ప ఈ మాట ఆమె ఎప్పుడూ అడగలేదు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

"ఆకుల గురించి," అన్నాను. "ఆకు లోపల ఏమేముంటయో."

"గదంత మంచిగ చెప్తవా?"

"మంచిగనే చెప్త."

"సరే పో, లేటయితుంది," అని సంచి చేతికిచ్చింది.